ఇదే ఆఖరి ముద్ద

పుట్టినప్పుడు మూడు కిలోలున్న పిల్లాడు మొదటి పుట్టినరోజు నాటికి తొమ్మిది కిలోల దగ్గరికి వస్తాడు. ఏడాదిలో మూడింతలు! ఆ తర్వాతి ఏడాది మొత్తం కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. "మొన్నటిదాకా గిన్నెడు తినేవాడు, ఇప్పుడు రెండు ముద్దలకే మూతి తిప్పేస్తున్నాడు" అంటూ అమ్మమ్మ దిష్టి తీస్తుంది. నాన్న ఆకలి సిరప్ కోసం మందుల షాపుకి బయల్దేరతాడు.

రెండేళ్లు వచ్చేసరికి ఇంకో పేచీ. నేల మీద దొరికిన చీపురుపుల్ల కూడా నోట్లో పెట్టుకున్న పిల్లాడే ఇప్పుడు ముద్దలో కొత్తిమీర ఆకు కనిపిస్తే ఊసేస్తాడు. కొత్త తిండి అంటే ఉండే ఈ బెదురుకి ఫుడ్ నియోఫోబియా అని పేరు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఇది బాగా కనిపిస్తుంది. నడక వచ్చి, పెద్దల కన్నుగప్పి పెరట్లోకి వెళ్లగలిగే వయసులో కనిపించిన ఆకునల్లా నమిలితే ప్రమాదం కదా, అందుకే మనిషికి ఈ జాగ్రత్త అబ్బి ఉంటుందని ఒక వివరణ. మొక్కల్లో ఉండే విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి. కాకరకాయ, మెంతికూర దగ్గర పిల్లలు మొండికేయడానికి ఇదీ ఒక కారణమే. బ్రిటన్‌లో ఐదు వేలకు పైగా కవల జంటలను గమనించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఈ బెదురులో పిల్లకీ పిల్లకీ ఉండే తేడాల్లో నాలుగింట మూడొంతులకు పైగా జన్యువుల వల్లేనని అందులో తేలింది. కోడలి పెంపకాన్ని తప్పుపట్టే అత్తగార్లు గమనించాలి: మనవడి జన్యువుల్లో సగం తమ కొడుకువే.

అలాగని చేతులెత్తేయనక్కర్లేదు. లియాన్ బర్చ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980ల్లో రెండేళ్ల పిల్లలకు వాళ్లెరగని చీజ్‌లు, పళ్లు రుచి చూపించారు. కొన్నిటిని రెండు మూడు సార్లు, కొన్నిటిని ఇరవై సార్ల దాకా. ఎక్కువసార్లు రుచి చూసినవాటినే పిల్లలు ఎక్కువగా ఎంచుకున్నారు. తర్వాతి ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది: ఊరికే చూపిస్తే చాలదు, నాలుకకు తగలాలి. మనమేమో మూడు నాలుగు సార్లు పెట్టి చూసి, "మా వాడికి బీరకాయ పడదు" అని తేల్చేస్తాం.

మన ఇళ్లలో దీనికి తోడు మరో చిక్కుంది. ఏ కూరైనా పప్పులో మెత్తగా మెదిపి, నెయ్యి వేసి, అన్నంలో కలిపి గోరుముద్దలు పెడతాం. పోషణకు ఢోకా లేదు. కానీ రెండేళ్లు బీరకాయ తిన్న పిల్లాడికి బీరకాయ ఎలా ఉంటుందో తెలియదు! మూడో ఏట అది ముక్కగా కంచంలో కనిపిస్తే వాడికి అదొక కొత్త వస్తువే. అందుకని పప్పన్నం పెడుతూనే, పక్కన విడిగా ఉడికిన క్యారెట్ ముక్కో, మెత్తగా వేగిన బెండకాయ ముక్కో ఒకటి వేసి ఊరుకోవాలి. నాకి పడేసినా ఒక లెక్కే. వంటకు ముందు కరివేపాకు దూయమని, పుదీనా తుంచమని చేతికిస్తే ఆకు నలుపుతాడు, వేళ్లు వాసన చూసుకుంటాడు. ఇల్లంతా చెత్త చేస్తాడనుకోండి, అది వేరే సంగతి. వేరుశనగ గుళ్లు, గుండ్రటి ద్రాక్షపళ్లు, పచ్చి క్యారెట్ ముక్కలు మాత్రం నాలుగైదేళ్లు వచ్చేదాకా అలాగే ఇవ్వకూడదు. గొంతుకు అడ్డం పడతాయి.

ఇక బతిమాలడం, బెదిరించడం. "ఇదే ఆఖరి ముద్ద" అని మనం చెప్పే అబద్ధం పిల్లలకు రెండో రోజే తెలిసిపోతుంది. అమెరికాలో 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో బడికెళ్లే వయసు రాని పిల్లలకు రెండు రకాల సూప్ ఇచ్చారు. ఒకటి తాగేటప్పుడు "పూర్తి చెయ్" అంటూ వెంటపడ్డారు, రెండోదాని గురించి ఏమీ అనలేదు. వెంటపడని సూపే ఎక్కువ తాగారు, దాని మీద వంకలు కూడా తక్కువే పెట్టారు. ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ ముద్ద తోసేసినా ఇదే తంతు. కడుపు నిండుతుంది గానీ తిన్నదేమిటో పిల్లాడు చూడనే చూడడు.

మరి వాళ్లకే వదిలేస్తే? క్లారా డేవిస్ అనే అమెరికన్ వైద్యురాలు 1920ల్లో ఆ పనే చేశారు. పాలు మానుతున్న పిల్లల ముందు గిన్నెల్లో రకరకాల తిండి పెట్టేవారు. జాబితాలో మొత్తం 34 రకాలు. పిల్లాడు వేలు చూపించిన గిన్నెలోంచి చెంచా నింపి, నోరు తెరిస్తే పెట్టడమే నర్సు పని. ఇది తిను అనకూడదు, మెచ్చుకోకూడదు, కోప్పడకూడదు. ఒక్కొక్కరు పొద్దున్నే నారింజ రసం, కాలేయం లాగించిన సందర్భాలున్నాయి. ఒక పూట అలా ఉన్నా, మొత్తం మీద 15 మంది పిల్లలూ ఆరోగ్యంగా పెరిగారు. రికెట్స్ (విటమిన్ డి చాలక ఎముకలు మెత్తబడే జబ్బు)తో వచ్చిన ఒక పిల్లాడి ముందు చేపనూనె గ్లాసు కూడా పెడితే, జబ్బు తగ్గేదాకా తనంతట తానే అప్పుడప్పుడు తాగాడు. అయితే ఆ గిన్నెల్లో చక్కెర లేదు, బిస్కెట్లు లేవు, చిప్స్ లేవు. ఏం పెట్టాలో పెద్దవాళ్లే నిర్ణయించారు. అందులో ఏది, ఎంత తినాలన్నదే పిల్లలకు వదిలేశారు.

మన దగ్గర ఈ లెక్క తప్పేది పాల దగ్గర. అన్నం తినలేదని గ్లాసు పాలు, పాలతో కడుపు నిండి మళ్లీ అన్నం వద్దనడం. రోజుకి అర లీటరుకు మించి పాలు పడితే ఇనుము ఉన్న తిండికి చోటుండదు, ఇనుము తగ్గితే ఆకలి ఇంకా చస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు ఉన్న పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి బరువు చార్టులో గీత కిందికి దిగుతున్నా, ముద్ద మింగడానికే ఇబ్బంది పడుతున్నా, తినే రకాలు రోజురోజుకీ తగ్గిపోతున్నా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. సిరప్ అడిగే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష గురించి అడగండి.