వీణ వాయిస్తూ సైకాలజీ, ఫిలాసఫీ చెప్పడం: నేను తరచూ వినే అపోహలు

నా ఎడమ చేతి చూపుడు వేలికీ మధ్య వేలికీ కొసన నల్లటి గాట్లు ఉంటాయి. వీణ తీగ నొక్కీ నొక్కీ పడినవి. డస్టర్ పట్టుకునేది ఆ చేత్తోనే కాబట్టి సుద్దపొడి వాటిలో చేరి తెల్లగా కనిపిస్తుంది. ప్రతి ఏడాదీ మొదటి వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు, "వేళ్ళకి ఏమైంది మేడమ్?" అని. పగలు విజయనగరంలో డిగ్రీ పిల్లలకు పాఠం, సాయంత్రం ఇంట్లో వీణ. దీని గురించి నాకు ఎదురయ్యే మాటలు కొన్ని.

అపోహ: రెండు పడవల మీద కాళ్ళు పెడితే దేనికీ కాకుండా పోతాం.

ఈ మాట మా ఊళ్ళో వినాల్సి రావడమే నాకు బాధ. 1919లో ఇక్కడ మొదలైన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథకు పితామహుడైన ఆయనే ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చారు. జర్మనీలో ఫిలాసఫీ ప్రొఫెసర్ కార్ల్ స్టుంఫ్ స్వయంగా వాద్యకారుడు. స్వరాన్ని మనసు ఎలా గ్రహిస్తుందన్న విషయం మీద 1883లో ఒకటి, 1890లో ఒకటి, రెండు సంపుటాలు రాశారు.

టైం చాలదన్నది మాత్రం నిజం. పేపర్లు దిద్దే రోజుల్లో నా సాధన అరగంటకు పడిపోతుంది, అదీ తెల్లవారుజామున.

అపోహ: సంగీతం వేరు, సైకాలజీ వేరు, ఫిలాసఫీ వేరు.

క్లాసులో ఒక జోలపాట ఒకటిన్నర శ్రుతిలో కూనిరాగం తీస్తాను. వెంటనే అదే పాట ఇంకా పైన, ఐదు శ్రుతిలో. "రెండూ ఒకటేనా?" అంటే అందరూ ఒకటే అంటారు. "ప్రతి స్వరమూ పైకి జరిగిపోయింది కదా, మరి ఒకటేమిటి?" అంటే క్లాసు నిశ్శబ్దమైపోతుంది. సంగీత రచయిత బ్రూక్నర్ దగ్గర నేర్చుకున్న ఎహ్రెన్‌ఫెల్స్ అనే తత్వవేత్త 1890లో ఈ ప్రశ్నే వేశారు. పాట అంటే స్వరాల కుప్ప కాదు, వాటి మధ్య ఉన్న పొందిక అన్నారు. మనసు విడి ముక్కల్ని కాక మొత్తాన్ని ఒకటిగా గ్రహిస్తుందనే గెస్టాల్ట్ సైకాలజీకి దారి వేసిన ఆలోచన అది. అక్కడి నుంచి, మాట నుంచి అర్థం ఎలా పుడుతుందో చెప్పిన వ్యాకరణ తత్వవేత్త భర్తృహరి స్ఫోటవాదానికి వెళ్తాను. ధ్వనులు ఒకదాని వెంట ఒకటి పుట్టి మాయమవుతుంటే, అర్థం మాత్రం ఒక్కసారిగా ఎలా వెలుగుతుంది? ఆ రోజు నాకు పుస్తకం తెరవాల్సిన పని ఉండదు.

అపోహ: సంగీతం నేర్పిస్తే మార్కులు పెరుగుతాయి.

1993లో 36 మంది కాలేజీ విద్యార్థులకు మోజార్ట్ సంగీతం వినిపించి చేసిన ప్రయోగం నుంచి ఈ మాట పాకింది. అక్కడ కనిపించింది ఒక రకం పజిళ్ళలో మెరుగుదల, అదీ 10, 15 నిమిషాల సేపు. మార్కుల కోసం బిడ్డను వీణ ముందు కూర్చోబెట్టకండి. వీణ కోసం కూర్చోబెట్టండి.

అపోహ: మొదటి నుంచి చివరికి పదిసార్లు వాయిస్తే వర్ణం వచ్చేస్తుంది.

వర్ణమంటే కర్ణాటక సంగీతంలో సాధన కోసం నేర్చుకునే ఒక రచన. నా దగ్గర ఒక అమ్మాయి మోహన రాగ వర్ణం నెల రోజులు ఇలాగే వాయించింది. మొదట వచ్చే పల్లవి మెరిసిపోయేది, చివర వచ్చే చరణ స్వరాలకొచ్చేసరికి వేళ్ళు వీణ మెట్లు వెతుక్కునేవి. తప్పు వచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటికే వెళ్ళేది కాబట్టి సాధనంతా పల్లవికే అందింది. పుస్తకం మూయించి, చివరి చరణ స్వరం నుంచి మొదలుపెట్టమన్నాను. మొదటి రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కానీ చూస్తూ పదిసార్లు వాయించడం కంటే, ఒకరోజు ఆగి, చూడకుండా గుర్తు తెచ్చుకుంటేనే జ్ఞాపకం గట్టిపడుతుంది. సైకాలజీలో బాగా రుజువైన సంగతుల్లో ఇదొకటి. క్లాసులో చెప్పే ఆ పాఠాన్ని ఇంట్లో నా శిష్యురాలికి వర్తింపజేయడానికి నాకు నెల పట్టింది. ఆ నెల ఆమెది వృథా చేశానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: అనుభవం వస్తే స్టేజీ టెన్షన్ పోతుంది.

నాకు పోలేదు. కచేరీ ముందు చేతులు చల్లబడతాయి, వేళ్ళకు రాసుకున్న కొబ్బరినూనెలోకి చెమట కలుస్తుంది. 2014లో హార్వర్డ్ నుంచి వచ్చిన ఒక పరిశోధనలో, పాడే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్ళు "నాకు కంగారుగా ఉంది" అన్నవాళ్ళ కంటే శ్రుతిలో బాగా పాడారు. గుండె దడ రెండింటికీ ఒకటే, పెట్టుకున్న పేరే వేరు. అందుకే పిల్లలకు "భయపడకు" అని చెప్పడం మానేశాను. వేదిక వెనక వాళ్ళ చేతులు నా చేతుల్లోకి తీసుకుని, "వాయించాలని తొందరగా ఉంది కదూ?" అని అడుగుతాను. చాలామంది ఔనని తలూపుతారు.