పెద్దాయన అరికాలు ఎవరు చూస్తారు? చర్మ క్యాన్సర్‌పై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో చర్మవ్యాధుల వైద్యం చేస్తున్న నా దగ్గరికి అరవై దాటిన మగవాళ్లు ఒక్కరే రావడం తక్కువ. వెనకాల భార్యో, కోడలో ఉంటారు. ‘ఏమీ లేదండీ, వీళ్ల గోల పడలేక వచ్చాను’ అంటారు కూర్చోగానే. ఆ గోల పెట్టినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అపోహ: మన ఒంటి రంగుకు చర్మ క్యాన్సర్ రాదు.

తెల్లవాళ్లతో పోలిస్తే మనకు చాలా తక్కువ, నిజమే. కానీ మెలనోమా అనే నల్లమచ్చలా కనిపించే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరచేయి, గోటి కింద. గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోటి కింద మొదలైంది. 1981లో 36 ఏళ్లకే పోయాడు. ఏళ్ల తరబడి మానని పుండులో, పాత కాలిన మచ్చలో పుట్టే క్యాన్సర్ వేరే రకం. నడుము దగ్గర పంచె ముడి ఒకేచోట ఒరుసుకుని వచ్చేది కూడా ఉంది. దాన్ని ధోతీ క్యాన్సర్ అంటారు. బొంబాయి వైద్యులు ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే దాని గురించి రాశారు. అరుదైనదే, కానీ మొలతాడు కింద చర్మం గట్టిపడి పుండు పడితే చూపించండి.

అపోహ: నొప్పి లేదు కాబట్టి భయం లేదు.

మొదట్లో నొప్పి ఉండదు. అంతే.

అపోహ: ముక్క తీస్తే పాకిపోతుంది.

మా దగ్గర అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన మాట ఇదే. పరీక్షకు ముక్క తీసినందువల్ల చర్మ క్యాన్సర్ పాకదు. పసర్లు, సున్నం రాస్తూ కూర్చున్న ఆర్నెల్లలో మాత్రం పాకొచ్చు. అప్పుడు కత్తి పెట్టిన డాక్టరు మీదికి నింద వస్తుంది. తొలిదశలో అయితే చాలామందికి ఆ చోట మత్తు సూది ఇచ్చి కోసేసి, ఆ రోజే ఇంటికి పంపుతాం. పొలం అమ్ముకోవాలేమోనన్న దిగులూ ఉంటుంది. ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో, క్యాన్సర్ చికిత్స ఉంది.

అపోహ: క్యాన్సరని బెదిరిస్తే కదులుతారు.

బెదిరిస్తే పంచె ఇంకాస్త కిందికి లాక్కుంటారు! ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చర్మ క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ యాభై దాటిన మగవాళ్లకు చర్మం ఎలా చూసుకోవాలో వీడియోలో చూపిస్తే, కరపత్రం మాత్రమే అందుకున్నవాళ్ల కంటే ఎక్కువమంది డాక్టరు చేత ఒళ్లంతా చూపించుకున్నారు. మన దగ్గర అంత అవసరం లేదు. ప్రతి పుట్టుమచ్చకూ టెన్షన్ పడక్కర్లేదు.

ఇక్కడ పనిచేసేది షుగర్. కాలు తీసేస్తారేమోనన్న భయంతో అరికాలు రోజూ చూసుకునే పెద్దలు ఉన్నారు. ఆ చూపులోనే నల్లమచ్చ కూడా దొరుకుతుంది. షుగర్ లేనివాళ్లకే చిక్కు: నడుము వంగదు, కంట్లో శుక్లం, చెరువు గట్టు మీద చెప్పుల్లేని నడక. కాబట్టి నెలకోసారి స్నానమయ్యాక ఇంట్లోవాళ్లే చూడాలి. ఆనెకాయ అనుకున్నది నల్లబడినా, గోటి మీద నల్లచార వెడల్పయి పక్క చర్మంలోకి దిగినా, పుండు నెలరోజుల్లో మానకపోయినా తీసుకురండి. అనుమానమున్న మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోన్లో ఫోటో తీస్తే పెరిగిందో లేదో మాకు తెలుస్తుంది. తేదీ ఎలాగూ ఫోన్లోనే ఉంటుంది.