పాత ఊరికి కెమెరాతో వెళ్తున్నారా? ఆ జూమ్ లెన్స్ ఇంట్లో పెట్టండి

"సార్, పదేళ్ల తర్వాత హైదరాబాద్ వెళ్తున్నా. పాత వీధులు ఫొటోలు తీసుకోవాలి. 70-200 ఎంఎం జూమ్ లెన్స్ కొననా?" డిసెంబర్ వచ్చిందంటే రోజుకొకరు ఇదే అడుగుతారు. కొనకండి.

అపోహ: దూరం నుంచి, ఎదుటివాళ్లకు తెలియకుండా తీస్తేనే సహజంగా వస్తుంది.

వాస్తవం: అలా తీస్తే ముఖం వస్తుంది, వీధి రాదు. మీరు వెళ్లేదే వీధి కోసం కదా! వెనకున్నదంతా మసకైపోయాక ఆ ముఖం చార్మినార్ దగ్గరిదో చెన్నైదో ఎవరు చెప్పగలరు? పైగా అంత పొడుగు లెన్స్ చూస్తే ఎవరికైనా అనుమానమే.

నేనూ తక్కువ తినలేదు. సుల్తాన్ బజార్‌లో ఆరేళ్లు అద్దెకుండి, బెంగళూరు వెళ్లిపోయి, మొదటిసారి తిరిగొచ్చినప్పుడు చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో ఇవతలి గోడకు ఆనుకుని ఒక గాజుల దుకాణం మీదికి జూమ్ గురిపెట్టాను. లోపలి పెద్దాయన చెయ్యూపాడు. "అరే భాయ్, దూర్ సే కైకు? ఇధర్ ఆవ్ నా." అంత దూరం నుంచి ఎందుకు, ఇటు రా అని. వెళ్లి గడప మీద కూర్చున్నా. వేడికి మెత్తబడ్డ లక్క మీద రాళ్లు ఒక్కొక్కటే అద్దుతున్నాడు. వేళ్ల చివర్లు కమిలి నల్లబడ్డాయి. అంత దగ్గర్లో నా లెన్స్‌కి ఫోకసే కుదరలేదు. సిగ్గుపడి ఫోన్ తీశాను. ఇప్పటికీ మా హాల్లో ఉన్నది ఆ ఫొటోనే.

ఫోన్ మెయిన్ కెమెరా సుమారు 24-26 ఎంఎం, అంటే దగ్గర నిలబడ్డా మనిషితో పాటు వీధీ పడుతుంది. కెమెరానే కావాలంటే 28 గానీ 35 ఎంఎం గానీ లెన్స్ చాలు. నడిచే మనుషులకు షట్టర్ స్పీడ్ 1/250 సెకను కంటే తగ్గనివ్వకండి, లేకపోతే మసకగా వస్తారు.

"అడక్కుండా తీస్తే కేసు పెడతారట" అన్న వాట్సాప్ కబుర్లకు టెన్షన్ పడొద్దు. వీధిలో ఫొటో తీయడమే నేరమనే చట్టం మన దగ్గర లేదు. నిషేధిత స్థలాల సంగతి వేరు. ఎవరైనా వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చేయండి, వాదించకండి.

"తెల్లవారుజామునే లైట్ బాగుంటుంది" అంటారు. ఆ టైముకి లాడ్ బజార్‌లో మూసిన షట్టర్లే దొరుకుతాయి. ఆ వీధి చార్మినార్ నుంచి పడమరకు సాగుతుంది, సాయంత్రం ఎండ వచ్చేదీ అటు నుంచే. అప్పుడు వెళ్లండి.

ఇక "ఊరంతా మారిపోయింది, తీయడానికేముంది" అనేవాళ్ల బాధ నాకు తెలుసు. 2020లో ఆ దారిలో మెట్రో మొదలయ్యాక వెళ్తే, సుల్తాన్ బజార్‌లో తలెత్తిన చోటల్లా కాంక్రీటే. ఆ రోజు కెమెరా బయటికే తీయలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ మెట్రో వంతెన నీడ అంచున నిలబడ్డా. నీడలోంచి ఎండలోకి అడుగుపెట్టే ప్రతి మనిషీ ఒక్క క్షణం కళ్లు చిట్లిస్తున్నాడు. బ్యాటరీ అక్కడే అయిపోయింది.