వెలుగు పట్టే చోటెంత: ఒక పాత లెక్క కథ

1946లో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశం కోసం రాసిన నోటు ఒక చిన్న పేరా. అందులో 5×10²¹ సెకన్లు అనే అంకె ఉంది. సెకనుకు కోటి కంపనాల రేడియో పౌనఃపున్యం దగ్గర, ఒక పరమాణు కేంద్రకం తనంతట తాను శక్తిని వదిలేయడానికి పట్టే కాలం అది. విశ్వం వయసుకు దాదాపు పది వేల రెట్లు! అలాంటి కేంద్రకాలున్న పదార్థంలో సెంటీమీటరులో వెయ్యో వంతు ఉండే లోహపు రేణువులు కలిపితే ఆ పని నిమిషాల్లో అయిపోతుందని పర్సెల్ లెక్కగట్టారు.

రేడియో తరంగాలూ ఒక రకం వెలుగే. అంటే వెలుగును ఎంత త్వరగా వదలాలన్నది పరమాణువు ఒక్కదాని చేతిలో లేదు. దాన్ని ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. పర్సెల్ సూత్రం ప్రధానంగా రెండు సంగతులు అడుగుతుంది: ఆ చోటు వెలుగును ఎంతసేపు ఆపగలదు? ఎంత ఇరుకులో, అంటే ఎంత ఘనపరిమాణంలో ఆపగలదు?

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది 1960ల చివర్లో జర్మనీలో కార్ల్ డ్రెక్స్‌హేగ్ చేసిన ప్రయోగం. అద్దం మీద కొవ్వు ఆమ్లపు పొరలు ఒక్కొక్కటే పేర్చి, పైన యూరోపియం ఉన్న అణువులను ఉంచారు. పొరలు పెరిగేకొద్దీ ఆ అణువుల వెలుగు ఆరిపోయే కాలం పెరుగుతూ, తగ్గుతూ ఊగింది. అణువు అదే, మారిందల్లా అద్దానికి దూరం. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే.

సిద్ధాంతం వైపు 1963లో జేన్స్, కమింగ్స్ ఒక పరమాణువు, ఒకే రకం వెలుగు శక్తిని ఇచ్చిపుచ్చుకునే నమూనా రాశారు. 1984లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉన్న గిరీశ్ అగర్వాల్ మరో అడుగు వేశారు. వెలుగును ఆపి ఉంచే పెట్టెలో ముందుగా వెలుగేమీ లేకపోయినా, అందులో పరమాణువులు ఉంటే చాలు, శోషణ శిఖరం (వెలుగును అన్నిటికన్నా ఎక్కువగా పీల్చుకునే పౌనఃపున్యం) రెండుగా చీలుతుందని చూపించారు. పరమాణువు, వెలుగు బలంగా ముడిపడ్డాయనడానికి ఆ చీలికే గుర్తు. మన ఊళ్లో కూర్చుని వేసిన లెక్క ఇది, మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? అలాంటి చీలికను 1992లో కాల్టెక్‌లో పరమాణువులతో, 2004లో క్వాంటమ్ డాట్లతో (పరమాణువులా ప్రవర్తించే అతి చిన్న అర్ధవాహక రేణువులతో) చూశారు.

అసలు చిక్కు నానో స్థాయికి దిగాక మొదలైంది. 2016లో కేంబ్రిడ్జ్ బృందం బంగారు రేణువుకీ బంగారు పలకకీ మధ్య ఒక నానోమీటరు కూడా లేని సందులో ఒకే ఒక్క రంగుపదార్థపు (డై) అణువును ఇరికించి, మామూలు గది ఉష్ణోగ్రత వద్దే ఈ బలమైన బంధాన్ని చూసింది. కానీ అలాంటి సందు మూత ఉన్న పెట్టె కాదు. వెలుగు బయటికి కారిపోతుంది, కొంత లోహమే మింగేస్తుంది. కారిపోయే వెలుగుకు పాత పద్ధతిలో ఘనపరిమాణం కట్టబోతే గణితం ఎదురుతిరుగుతుంది. సమీకరణాల్లో ఆ క్షేత్రం దూరం వెళ్లేకొద్దీ పెరుగుతుంది కాబట్టి, ఎంత పెద్ద ప్రాంతం తీసుకుంటే జవాబు అంత పెద్దదవుతుంది.

2012లో క్రిస్టెన్సెన్, వాన్ వ్లాక్, హ్యూస్‌లు, మరుసటి ఏడాది సోవాన్ బృందం దీనికి దారి చూపారు. కారడాన్ని కూడా లెక్కలోకి తీసుకునే మోడ్‌లతో (ఆ చోటులో వెలుగు కంపించే తీరులతో) ఆ ఘనపరిమాణాన్ని కొత్తగా నిర్వచించారు. అది ఇప్పుడు సంకీర్ణ సంఖ్య, ఊహాత్మక భాగం కూడా ఉన్న ఘనపరిమాణం. 2019లో అవే మోడ్‌లను క్వాంటీకరించే, అంటే వాటిలోని వెలుగును ఫోటాన్లనే విడి శక్తి పొట్లాలుగా లెక్కించే పద్ధతి వచ్చింది. నష్టాన్ని చివర్లో అతికించే సవరణగా కాకుండా, ఫోటాన్‌ను నిర్వచించే మొదటి సమీకరణంలోనే పెట్టారు.