స్కిన్ కలర్ ఇయ్యి

పిలకాయలూ,

మొన్న ఆదివారం మన డ్రాయింగ్ క్లాసులో, ఇంట్లో మీకు బాగా ఇష్టమైన మనిషిని వెయ్యండి అని చెప్పినా కదా, అందరూ గబగబా మొదలుపెట్టినారు. ఒక పాప వాళ్ళ అవ్వను వేసింది. నొసటన రూపాయి బిళ్ళంత బొట్టు, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, కొంగు నడుములో దోపుకుని చేటలో బియ్యం చెరుగుతా ఉంది, ఎగిరే గింజలు కూడా చిన్న చిన్న చుక్కలుగా పెట్టింది, నాకు భలే సంతోషమైంది. తర్వాత రంగు వెయ్యాలని పక్కనున్న పిల్లోడిని "స్కిన్ కలర్ ఇయ్యి" అనింది. వాడు ఏ రంగు అని అడగలేదు. డబ్బాలోంచి ఆ లేత గులాబీ క్రేయాన్ తీసి చేతిలో పెట్టినాడు.

ఆ పాప అవ్వను నేనెరుగుదును, పొద్దున్నే వీధి చివర పూలు కట్టుకుంటా కూచోనుంటుంది, చింతగింజ రంగు మనిషి. పేపర్ మీద మాత్రం ఆ చేట, ఆ బొట్టు, ఆ పుడకలు అన్నీ అవ్వవే, రంగు ఒక్కటే ఇంకెవరిదో.

బొమ్మ వేసేటప్పుడు పిల్లల చెయ్యి ఆపకూడదనేది నా పద్ధతి, అందుకే ఆ పొద్దు ఏమీ అనలేదు. తప్పు పాపది కాదు, పిల్లోడిదీ కాదు. ఆ రంగుకు స్కిన్ అనే పేరు ఎవరు పెట్టినారు, అది మన తిరుపతి దాకా ఎట్ల వచ్చింది అనేది చెప్పాలంటే చానా ఉంది, నోటితో చెప్తే సగం మర్చిపోతా, అందుకే రాస్తాండా.

అమెరికాలో క్రేయోలా అని క్రేయాన్లు చేసే కంపెనీ ఉంది. వాళ్ళ డబ్బాలో ఈ లేత రంగు పేరు చానా కాలం "ఫ్లెష్", అంటే ఒంటి రంగు. 1962లో దాన్ని పీచ్ అని మార్చినారు. నల్లవాళ్ళ పిల్లలు కూడా అదే డబ్బా ముందర పెట్టుకుని, అందులో ఒంటి రంగు అని రాసుండే క్రేయాన్ తమ ఒంటికి సరిపోకపోతే ఏమనుకోని ఉంటారో మీరే ఆలోచించండి. ఇంకో క్రేయాన్ పేరు "ఇండియన్ రెడ్", అది మన దేశంలో దొరికే ఎర్రమన్ను రంగు పేరే, కానీ అక్కడి ఆదివాసుల ఒంటి రంగు అని పిల్లలు అనుకుంటున్నారని 1999లో దాన్నీ మార్చినారు. రకరకాల ఒంటి రంగులు 24 పెట్టి వేరే డబ్బా చేసింది 2020లో. వాళ్ళు పేరు మార్చి 60 ఏళ్ళు దాటింది, మనం ఇంకా స్కిన్ కలర్ అనే అంటాండాం.

ఇది క్రేయాన్ల దగ్గర మొదలైంది కాదు. 1770లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలకు పీటర్ కాంపర్ అనే శరీరశాస్త్రం డాక్టరు పాఠం చెప్పినాడు. తలకాయలను పక్కనుంచి గీసి, నొసలు నుంచి పెదవి దాకా ఒక గీత కొట్టి ఆ గీత ఎంత నిటారుగా ఉందో డిగ్రీల్లో కొలిచినాడు. వరసలో ఒక చివర కోతి, దాని తర్వాత ఆఫ్రికా మనిషి, ఆ తర్వాత ఆసియా మనిషి, ఆ తర్వాత యూరప్ మనిషి, ఈ చివర గ్రీకు రాతి బొమ్మ. చూడండి, అందం అనే దానికి పైమెట్టు మీద బతికుండే మనిషి కూడా లేడు, రాయి ఉంది! కాంపర్ మాత్రం మనుషులంతా ఒకటే కుటుంబం అని నమ్మినవాడే, అన్యాయంగా ఆయన మీద అంతా మొయ్యకూడదు, కానీ 1791లో ఆ బొమ్మలు అచ్చైనాక వేరేవాళ్ళు దాన్ని నిచ్చెన చేసుకున్నారు, ఎవరు ఎవరికన్నా తక్కువ అని చెప్పడానికి స్కేలుగా వాడుకున్నారు. ఆ నిచ్చెన పుట్టింది డ్రాయింగ్ క్లాసులో అనేది నేను డ్రాయింగ్ సారుగా ఉండి కూడా చానా లేటుగా తెలుసుకున్నా.

ఆ గ్రీకు బొమ్మ ఏమో తెల్లగా ఉండాలి. 1764లో వింకెల్‌మన్ అనే జర్మన్ పండితుడు గ్రీకు శిల్పాల చరిత్ర రాసి, ఒళ్ళు ఎంత తెలుపైతే అంత అందం అన్నాడు, యూరప్ అంతా అదే పాఠం చదువుకుంది. అసలు సంగతేంటంటే గ్రీకులు వాళ్ళ బొమ్మలకు రంగులు వేసేవాళ్ళు, ఎరుపు, నీలం, పసుపు, కళ్ళు కూడా రంగుతో దిద్దేవాళ్ళు, మన గుళ్ళ గోపురాల మీద బొమ్మలకు వేస్తారు చూడండి అట్ల. వేల ఏళ్ళ వానకు ఎండకు రంగు పోయి మిగిలిన తెలుపును చూసి అదే అసలు అందం అనుకున్నారు. 1930ల్లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఏథెన్స్ నుంచి తెచ్చిన శిల్పాలను ఇంకా తెల్లగా చెయ్యాలని రాగి పనిముట్లతో గీకినారు కూడా.

ఇంక మన దగ్గరికి వస్తాం. చిత్తూరు ప్రాంతం అప్పుడు మద్రాసు కింద ఉండేది. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు ఆర్ట్ స్కూలు పెట్టినాడు, కొన్నేళ్ళకు ప్రభుత్వం తీసుకుని దానికి ఇండస్ట్రియల్ ఆర్ట్స్ స్కూలు అని పేరు పెట్టింది. ఆ పేరు కాస్త ఆగి చదవండి. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో మన బట్టలు, నగిషీలు చూసి అక్కడోళ్ళు నోరు తెరిచినారు, అంటే చేతిపని భేష్ అన్నారు, కానీ దాన్ని కళ అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. మనవాళ్ళు పనోళ్ళు, వాళ్ళు ఆర్టిస్టులు, అంతే తేడా. మద్రాసు తర్వాత కలకత్తా, బొంబాయి, లాహోర్‌లో స్కూళ్ళు వచ్చినాయి, లండన్ సౌత్ కెన్సింగ్టన్ ఆర్ట్ స్కూలు సిలబస్ చూసి అచ్చు బొమ్మలను కాపీ చెయ్యడం, గ్రీకు విగ్రహాల ప్లాస్టర్ నమూనాలు ముందర పెట్టుకుని షేడింగ్ వెయ్యడం, ఇదే చదువు. మద్రాసు స్కూలుకు మొదటి భారతీయ ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి, అది 1929లో, అంటే స్కూలు పెట్టిన 79 ఏళ్ళకు. మెరీనా బీచ్‌లో బండరాయిని ఒళ్ళంతా బిగబట్టి కదిలిస్తాండే కూలోళ్ళ విగ్రహం ఆయన చేసిందే, ఈసారి మద్రాసు పోయినప్పుడు వాళ్ళ కాళ్ళ నరాలు దగ్గర్నుంచి చూసి రండి.

జాన్ రస్కిన్ అని డ్రాయింగ్ నేర్పడంలో చానా పెద్ద మనిషి, చెట్టు ఆకును ఎట్ల చూడాలో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు, నేనూ నేర్చుకున్నా. ఆయనే 1858లో, సిపాయిల తిరుగుబాటు అయిన మరుసటి ఏడు, ఇండియా వాళ్ళు ప్రకృతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు ఎప్పుడూ గియ్యరు, మనిషిని గియ్యమంటే ఎనిమిది చేతుల భూతాన్ని గీస్తారు అని లండన్‌లో స్పీచ్ ఇచ్చినాడు. తిరుగుబాటు మీద కోపం, బొమ్మల మీద తీర్పు, రెండూ ఒకే నోట్లోంచి వచ్చినాయి. గొప్పవాళ్ళు చెప్పినారు కదా అని తలూపే ముందు ఆ మాట ఎప్పుడు, ఎవరి మీద కోపంతో అన్నారో కూడా చూడండి.

ఇవన్నీ దొరల తప్పులు, మనకేంటి అనుకోవద్దు. నేను చేసింది కూడా చెప్పాలి.

1980ల్లో నేను ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, శంకువు, సిలిండర్, కుండ అన్నీ 4బి పెన్సిల్‌తో షేడింగ్ వేసి వేసి చెయ్యి తిరిగిన మనిషిని. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక పిల్లోడు, వాళ్ళ నాయన కలంకారీ పని చేసేవాడు, పరీక్షలో హనుమంతుణ్ణి వేసినాడు. కళ్ళు చెవుల దాకా సాగి, ఒళ్ళు ముందుకు తిరిగి ఉంటే కాళ్ళు పక్కకు, ఎక్కడా షేడింగ్ లేదు, గీత మాత్రం తోక చివర దాకా ఎక్కడా తెగలేదు. నేను ఎర్ర ఇంకుతో "ప్రపోర్షన్ తప్పు, షేడింగ్ లేదు" అని రాసి 25కు 11 వేసినా. పిల్లోడు ఏమీ అడగలేదు. పేపర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడత నాకు ఇంకా కనబడుతుంది.

తర్వాత ఏడు కాళహస్తి పోయినప్పుడు వాళ్ళింటికి పోయినా. వాళ్ళ నాయన నేల మీద గుడ్డ పరుచుకుని పని చేస్తాండాడు. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలల్లో నానబెట్టి ఆరబెట్టి, చింతబొగ్గుతో లేతగా గుర్తులు పెట్టుకున్నాడు. కలం అంటే వెదురు పుల్ల, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కట్టింది, ఆ ఉన్నిని వేళ్ళతో వత్తితే రంగు దిగుతుంది. బెల్లం, తుప్పు ఇనుము నీళ్ళల్లో రోజుల తరబడి ఊరబెట్టిన ఆ రసం చూస్తే పల్చగా ఉంది, గుడ్డ మీద పడి కరక్కాయ తగిలేసరికి నా కళ్ళ ముందరే నల్లబడింది. తుడిపేదానికి రబ్బరు లేదు, ఒకసారి పడితే పడినట్టే. నీడ ఎందుకు వెయ్యరు అని అడిగినా. "ఇది గుళ్ళో కట్టి కథ చెప్పే గుడ్డ సార్, మొహంలో నీడలు ఏస్తే ఎనకాల నిలబడినోళ్ళకు ఏం కనబడుతాది, అందుకే కళ్ళు పెద్దవి" అన్నాడు. అంతే సమాధానం. నేను 11 మార్కులు వేసింది తెలియనితనానికి కాదు, ఆలోచనకు.

ప్రపోర్షన్ తప్పు అన్నా కదా, దాని సంగతి కూడా వినండి. మీ అరచెయ్యి మణికట్టును గడ్డం కింద ఆనించి, వేళ్ళు నిటారుగా పైకి పెట్టండి, నడిమి వేలు కొన సుమారు జుట్టు మొదలయ్యే చోటుకు వస్తుంది. మన శిల్పులు ఆ కొలతను తాళం అంటారు. ముఖం ఒక తాళం, దాన్ని బట్టి ఒళ్ళు తొమ్మిది తాళాలా, పదా అనేది ఏ దేవుడు, ఏ మనిషి అన్నదాన్ని బట్టి లెక్క ఉంటుంది, పిల్లలకు తక్కువ, మరుగుజ్జుకు ఇంకా తక్కువ. అంటే మనకు కొలత లేక కాదు, మన కొలత వేరే. వేరే స్కేలు పెట్టి కొలిచి పొట్టి అన్నారు, నేనూ అదే స్కేలు పట్టుకుని నా ముందర కూచున్న పిల్లోడిని కొట్టినా.

1910లో లండన్‌లో ఒక సభలో జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆయన జావా బుద్ధుడి బొమ్మ ఫోటో చూపించి, కొవ్వు వేసి ఉడికించిన పుడ్డింగ్ ముద్ద కూడా ఇంతే ప్రశాంతంగా ఉంటుంది అన్నాడు. ఈయన మన చేతిపనుల మీద పెద్ద పుస్తకం రాసి మెచ్చుకున్నవాడే. దానికి 13 మంది ఆర్టిస్టులు, విమర్శకులు పేపర్‌కు లెటర్ రాసి ఆ మాటను ఖండించినారు, వాళ్ళు కూడా అక్కడివాళ్ళే, ఇది కూడా మర్చిపోవద్దు. అదే ఏడు నైజీరియాలో ఇఫే అనే ఊళ్ళో, మన పంచలోహ విగ్రహాల మాదిరే మైనం అచ్చుతో పోసిన తలను చూసి ఫ్రోబేనియస్ అనే జర్మన్, ఆఫ్రికావాళ్ళు ఇది చేసుండరు, సముద్రంలో మునిగిపోయిన అట్లాంటిస్ నుంచి వచ్చిన గ్రీకులు చేసుంటారు అన్నాడు. ఎదురుగా ఉన్న ఊరోళ్ళను నమ్మడం కన్నా లేని ద్వీపాన్ని నమ్మడం ఆయనకు సులువైంది.

మన పక్షాన నిలబడిన దొర ఉన్నాడు, హావెల్. మద్రాసులో పని చేసి 1896లో కలకత్తా స్కూలుకు పోయి, ఆ ప్లాస్టర్ బొమ్మలు పక్కన పెట్టి మన చిత్రాలు నేర్పాలన్నాడు. అక్కడి స్టూడెంట్లే గొడవ చేసినారు, అసలైన ఆర్ట్ మాకు నేర్పకుండా దాస్తాండారని, కొందరు బయటికిపోయి వేరే స్కూలు పెట్టుకున్నారు. వాళ్ళను తప్పు పట్టలేను. నీది ఇదే, ఇదే గియ్యి, అని ఇంకొకడు చెప్పడం కూడా ఒక రకం గోడే కదా. నేను మీకు షేడింగ్ మానమని చెప్పట్లేదు, గ్రీకు బొమ్మలు చూడొద్దని అసలు చెప్పను, నాకు అవి చానా ఇష్టం.

మన ఇళ్ళల్లో కూడా ఉంది ఈ జబ్బు. కొండ మీద స్వామి నల్లరాతి స్వామి, ఆయన్ను చూడ్డానికి గంటల తరబడి క్యూలో నిలబడతాం, ఇంటికొచ్చి నల్లగా పుట్టిన ఆడపిల్లకు పెళ్ళెట్ల అని బాధపడతాం. ముగ్గు వేసే అమ్మను ఆర్టిస్టు అనం. మే నెలలో మన గంగమ్మ జాతర ఆఖర్న మట్టితో అమ్మవారి పెద్ద ముఖం చేసి, తెల్లారేసరికి చెంప నరికేస్తే జనం ఆ మట్టి కోసం ఎగబడతారు, అంత పెద్ద శిల్పం ఒక్క రాత్రి బతుకుతుంది. మ్యూజియంలో ఉండేదే కళ అనే లెక్కలో దానికి చోటు లేదు, డ్రాయింగ్ సార్లం మేము కూడా ఏనాడూ క్లాసులో దాని గురించి మాట్లాడలేదు. ఈ ఏడు మాట్లాడదాం.

వచ్చే నెల గుడిమల్లం పోతాం, రేణిగుంట దాటి కొంచెం దూరమే. అక్కడి లింగం మీద శివుడు మరుగుజ్జు భుజాల మీద నిలబడి ఒక చేత్తో పొట్టేలును పట్టుకుని, భుజాన గొడ్డలి పెట్టుకుని ఉంటాడు, సుమారు రెండు వేల ఏళ్ళకు పైమాటే అంటారు. లోపల గియ్యొద్దు, బాగా చూసి బయటికొచ్చి చెట్టుకింద కూచుని గుర్తుతో గీద్దాం.

దానికన్నా ముందు, వచ్చే ఆదివారానికి ఒక పని. ఎరుపు, పసుపు, కొంచెం నీలం కలిపితే మట్టి రంగు వస్తుంది, పసుపు ఎక్కువేస్తే ఒకటి, ఎరుపు ఎక్కువేస్తే ఇంకొకటి, నీలం ఒక్క చుక్క ఎక్కువైతే ఇంకా ముదురు. మీ ఇంట్లో ఒక్కొక్కరి చెయ్యి పక్కన పెట్టుకుని వాళ్ళ రంగు కలిపి, అగ్గిపెట్టెంత పేపర్ ముక్క మీద పూసి, వెనకాల పేరు రాసుకుని రండి. ఎండలో చూసి కలపండి, ట్యూబ్‌లైట్ కింద రంగు తప్పుతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు. అవ్వను వేసిన పాపా, నువ్వు మాత్రం రెండు ముక్కలు తెచ్చుకో, అవ్వ అరచెయ్యి ఒక రంగు, చెయ్యి వెనకాల ఇంకో రంగు.

మీ డ్రాయింగ్ తాత
తిరుపతి