బురదలో దాగిన లెక్కలు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

మడ అడవిలో మోకాలి లోతు బురదలో నిలబడి గంటల తరబడి ఏమి కొలుస్తారని మీరు అడిగారు. ఆ పనిలోనే నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది కనుక, తొందరపడకుండా వివరంగా రాస్తున్నాను.

ఉష్ణమండల తీరంలో చాలా చోట్ల మూడు రకాల జీవలోకాలు పక్కపక్కనే ఉంటాయి. నది సముద్రంలో కలిసే చోట మడ అడవి పెరుగుతుంది. దాని ముందు, లోతు తక్కువగా ఉండే నీటిలో సముద్రగడ్డి పరచుకుంటుంది. ఇంకా అవతల, నీరు తేటగా ఉండే చోట పగడపు దిబ్బ లేస్తుంది. నది తెచ్చిన ఒండ్రును మడ వేళ్లు పట్టి ఆపుతాయి, మిగిలిన దానిని సముద్రగడ్డి దింపుకుంటుంది, అలా తేరిన నీరు పగడాలకు అందుతుంది. పగడపు దిబ్బ తన వంతుగా అలల బలాన్ని విరిచి, వెనుకనున్న ఆ రెండింటినీ కాపాడుతుంది. అందువల్ల ఒకదానిని పరిశోధించేవారు మిగతా రెండింటినీ గమనించక తప్పదు.

ఈ పనిలో ముందుగా నేర్చుకోవలసినది నీటి వేళ. నీరు ఎక్కడం పోటు, దిగడం పాటు. చాలా తీరాలలో ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఈ రోజు పోటు వచ్చిన వేళకు రేపు దాదాపు 50 నిమిషాలు కలుపుకోవాలి. నేను పనిలో చేరిన కొత్తలో ఒక కాలువలో నీటి ఉప్పదనాన్ని ఏడాది పొడుగునా వారానికొకసారి కొలిచి, పుస్తకంలో తేదీ వేసి, పక్కన 'ఉదయం' అని మాత్రమే రాసుకున్నాను. సముద్రపు నీటిలో కిలోకు సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నా అంకెలు ఒక వారం దానికి దగ్గరగా, మరో వారం అందులో సగానికి కూడా చేరకుండా ఉండేవి. ఆ పుస్తకం చూసిన ఒక ముసలి పడవవాడు, "నీరు ఎక్కుతున్నప్పుడు తీశారా, దిగుతున్నప్పుడు తీశారా అమ్మా?" అని అడిగాడు. గంట రాసి ఉంటే వెనక్కి లెక్క కట్టగలిగేదాన్ని. రాయలేదు కనుక ఏడాది శ్రమ ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఆ బాధ నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు.

నీటి తేటదనాన్ని కొలిచే సాధనం మీరు కూడా తయారుచేసుకోగలిగినంత సులువైనది. 1865లో ఏంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త మధ్యధరా సముద్రంలో ఒక ఓడ మీద నుండి పళ్లేలను నీటిలోకి దింపి, అవి ఎంత లోతులో కనుమరుగవుతాయో పరీక్షించాడు. సముద్రంలో నేటికీ సాధారణంగా 30 సెంటీమీటర్ల తెల్లని పళ్లేన్నే వాడుతారు. మధ్యాహ్నపు వెలుగులో, పడవ నీడ పడే వైపున, గుర్తులు కట్టిన తాడుతో దానిని మెల్లగా దింపుతూ, అది కనిపించకుండా పోయిన లోతును, తిరిగి పైకి లాగుతున్నప్పుడు కనిపించిన లోతును రాసుకొని, రెండింటి సగటు తీస్తారు. తాడు తడిసి సాగుతుంది కాబట్టి గుర్తులను అప్పుడప్పుడు టేపుతో సరిచూసుకోవాలి.

ఇక మీరు అడిగిన బురద సంగతి. మడ అడవిలో నేల మీద వేలెడంత కాడలు వేలకొద్దీ నిలబడి ఉంటాయి. అవి మొలకలు కావు, గాలి కోసం పైకి వచ్చిన వేళ్లు. కింది బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. పొడవాటి గొట్టాన్ని బురదలోకి నిలువుగా దింపి, పైన మూత బిగించి, మెల్లగా లాగితే లోపల బురద పొరలు చెదరకుండా వస్తాయి. పైన కొద్ది మిల్లీమీటర్లు గోధుమ రంగు, ఆ కింద నలుపు, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి లేని చోట బతికే బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకొని వదిలే వాయువుది ఆ వాసన. అక్కడ రాలిన ఆకులు, వేళ్లు పూర్తిగా కుళ్లవు. వాటిలోని కర్బనం వందల ఏళ్లు, కొన్ని చోట్ల వేల ఏళ్లు అలాగే నిలిచి ఉంటుంది.

ఆ బురదను ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున కోసి, ప్రతి ముక్కలోనూ సీసం-210 అనే రేడియోధార్మిక సీసం ఎంత ఉందో చూస్తాము. గాలిలోని రాడాన్ అనే వాయువు నుండి పుట్టి నేల మీద, నీటి మీద పడే ఈ సీసం ప్రతి 22 ఏళ్లకు దాదాపు సగమవుతుంది. అందువల్ల పై ముక్కకూ కింది ముక్కకూ ఉన్న తేడాను బట్టి, గడిచిన నూరేళ్లలో ఏటా ఎంత బురద పేరుకున్నదో తెలుస్తుంది. సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలో నాకు ఇంతకంటే ముఖ్యమైన అంకె మరొకటి కనిపించదు. నీరు పెరిగే వేగాన్ని బురద అందుకోగలిగితే అడవి ఉన్నచోటనే నిలబడుతుంది, అందుకోలేకపోతే మునుగుతుంది లేదా వెనక్కి జరుగుతుంది. వెనక చెరువో, గోడో అడ్డంగా ఉంటే జరగడానికి చోటు ఉండదు. మడను నరికి రొయ్యల చెరువులు తవ్విన చోట నల్లని బురద గాలికి ఆరి, అంతకాలం దాచుకున్న కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారి పోతుంటే చూసి నేను తట్టుకోలేకపోయాను.

పగడాల గురించి క్లుప్తంగా రాస్తాను. వాటి కణాలలో బతికే సూక్ష్మమైన నాచు వాటికి ఆహారంలో అధిక భాగాన్ని ఇస్తుంది. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు ఆ నాచును వదిలేసి తెల్లబడతాయి. వెంటనే చావవు, వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి. 1998లో, 2010లో, 2014–17లో, తిరిగి 2023 నుండి ఇది ప్రపంచవ్యాప్తంగా జరిగింది. మధ్యలో కోలుకోవడానికి దొరికే వ్యవధి తగ్గిపోతున్నదని నాకు దిగులు.

మీరు తెల్ల పళ్లెంతో కొలవడం మొదలుపెడితే ఎప్పుడూ ఒకే చోట, పెద్దవారు తోడుండగా కొలవండి. పుస్తకంలో తేదీ, గంట, పోటా పాటా, ఆకాశంలో మబ్బు ఎంత, ముందు రోజు వాన పడిందా అన్నవి రాసి, ఆ తరువాతే లోతు వేయండి. ఏడాది నిండాక ఆ పుస్తకం నాకు పంపండి. ప్రతి పేజీ చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ