కాలిన గడ్డి మీద తొలి మేత

వేసవిలో గోదావరి లంకల్లో ఎండిన రెల్లుకు నిప్పంటుకుంటే ఒక్క పూటలో నేలంతా నల్లబడుతుంది. పది పదిహేను రోజులు తిరిగేసరికి ఆ మసిలోంచే పచ్చటి మోసులు లేస్తాయి, గేదెలు ఏటిగట్టు దిగి తిన్నగా అక్కడికే పోతాయి. ఆ చిగురులో పీచు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ గనుక పక్కనున్న ముదురు గడ్డిని అవి ముట్టవు. ఇది చూస్తూ పెరిగిన డెల్టా వాళ్లకు కాలిన బీడు మీదికి పశువుల్ని తోలడం తప్పుగా తోచదు.

అలా కాలిన దుబ్బునొకదాన్ని గునపంతో పెళ్లగించి చూశాను. పైన మోళ్లన్నీ బొగ్గయినా, రెండంగుళాల లోతున నేలలో పాకే కాండాన్ని గోరుతో గిచ్చితే తెల్లగా, తడిగా ఉంది. గడ్డిమంట వేగంగా దాటిపోతుంది, మట్టి వేడిని అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు.

ఏడాదికి 200 నుంచి 350 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అమెరికా పడమటి మేత భూముల్లో, గ్రేట్ బేసిన్ ప్రాంతంలో, కథ వేరు. అక్కడి బహువార్షిక గడ్డి దుబ్బులకు మొగ్గలు దాదాపు నేలమట్టానే ఉంటాయి. మంటను తట్టుకున్న దుబ్బు తన మొదట్లోనూ వేళ్లలోనూ దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి తొలి ఆకులు వేస్తుంది. ఆ ఆకులు ఎండ తాగి ఆ ఖర్చును పూడ్చకముందే పశువు కొరికితే మళ్లీ ఆ నిల్వలోంచే తీయాలి, ఈలోగా నేలలో తడి ఆరిపోతుంది. ఖాళీ అయిన చోటును చీట్‌గ్రాస్ ఆక్రమిస్తుంది. యూరప్, ఆసియాల నుంచి 19వ శతాబ్దంలో చేరిన ఈ ఏకవార్షిక గడ్డి వేసవి మొదట్లోనే ఎండి తర్వాతి మంటకు సిద్ధంగా ఉంటుంది. అందుకే కార్చిచ్చు తర్వాత సాధారణంగా రెండు పెరుగుదల కాలాలపాటు అక్కడ మేత ఆపుతారు.

అయితే మేతను ఎప్పటికీ ఆపేయడమూ మేలు కాదు. అదే పడమటి అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1936లో కంచె వేసి పశువుల్ని రానివ్వని స్థలాలనూ, మితంగా మేపిన స్థలాలనూ 1993లో కాల్చి చూస్తే, చీట్‌గ్రాస్ ఎక్కువగా చొరబడింది కంచె లోపలే. మేయక పేరుకున్న ఎండుగడ్డి మంటను దుబ్బుల నడినెత్తిన ఎక్కువసేపు నిలిపిందని పరిశోధకుల వివరణ.

మేత భూమిలో కొంత భాగమే కాలినప్పుడు మరో చిక్కు ఉంది. మొత్తం విస్తీర్ణానికి మంద సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, పశువులన్నీ కాలిన ముక్క మీదే గుమిగూడతాయి. వాటిని మళ్లించడానికి నీటితొట్టెలు, ఉప్పురాళ్లు దూరంగా పెడతారు. కంచె వేయగలిగితే అదే నమ్మకమైన పని అని నా అభిప్రాయం.

లంకల్లో తడి దగ్గర్లోనే ఉంటుంది, జూలై, ఆగస్టుల్లో వరద కొత్త ఒండ్రు పరుస్తుంది. రెల్లు తేరుకునేది ఆ బలంతో. సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురం బీళ్లకు ఆ భాగ్యం లేదు, కాబట్టి లంకల అలవాటు అక్కడికి పనికిరాదు. అక్కడ మందను వదిలేముందు, పశువు నాలుకతో చుట్టి లాగినట్టు గుప్పెడు గడ్డి పట్టుకుని లాగి చూడాలి. ఆకులు తెగి చేతికొస్తే వేళ్లు పట్టు దొరికించుకున్నట్టు. దుబ్బే ఊడి వస్తే మంద ఇంకా ఆగాలి.